వేడి తెలుసు... తన, పర తెలియదు!
బండి మీద నుంచి విమానాలను కూల్చే క్షిపణుల కథ

బాపట్ల: సూర్యలంక తీరంలోని వాయుసేన కేంద్రంలో క్షిపణి ప్రయోగాలు జరిగే రోజుల్లో సముద్రంలోకి వేటకు వెళ్ళవద్దని జాలర్లకు కబురు వస్తుంది. ఆ రోజు పడవలు ఇసుక మీదే ఉంటాయి. వలలు ఒడ్డునే ఆరుతుంటాయి. తీరం వెంట పల్లెల్లో పిన్నా పెద్దా ఆకాశం వైపు చూస్తారు. ఒక పెద్ద మోత, తెల్లని పొగ చార, దూరాన ఒక మెరుపు. అంతటితో సరి. అక్కడ ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో చాలామందికి తెలియదు.

2020 నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఇక్కడ వాయుసేన పెద్దఎత్తున ప్రయోగాలు జరిపింది. మన దేశంలోనే తయారైన ఆకాశ్ క్షిపణులతోపాటు భుజం మీద పెట్టుకుని వదిలే ఇగ్లా క్షిపణులను కూడా అప్పుడు ప్రయోగించారు. 2023 డిసెంబరులో ఇక్కడే జరిగిన మరో విన్యాసంలో ఆకాశ్ దళం ఒకటి ఏకకాలంలో నాలుగు లక్ష్యాలను ఛేదించి చూపింది.

ఈ రెండు క్షిపణుల తీరు ఒకటి కాదు. ఆకాశ్ క్షిపణికి దారి చూపేది నేల మీది రాడార్. ఇగ్లాకు అలా ఎవరూ దారి చూపనక్కరలేదు. దాని ముక్కులోనే ఒక కన్ను ఉంది. ఆ కన్ను వేడిని చూస్తుంది. విమానం ఇంజను వేడిని పట్టుకుని, దాని వెంట పోయి కొడుతుంది. ఇదే విద్యను బండి మీదికి ఎక్కించి, సైన్యంతోపాటు దారి పొడుగునా నడిచేలా చేసిన ఆయుధాలు ప్రపంచంలో పలు దేశాల దగ్గర ఉన్నాయి. మన దేశం దగ్గరా ఉన్నాయి. వాటి కథ తెలుసుకోదగినది. అందులో గొప్పతనమూ ఉంది, ఏడు ప్రాణాలు తీసిన ఒక చేదు పాఠమూ ఉంది.

పాము నేర్పిన విద్య

అమెరికా ఎడారుల్లో గిలక పాముల జాతికి చెందిన పాము ఒకటి ఉంది. ఇసుకలో పక్కవాటుగా పాకుతుంది కాబట్టి దానికి సైడ్‌వైండర్ అని పేరు. కంటికీ ముక్కుకీ మధ్య దానికి రెండు చిన్న గుంటలుంటాయి. చిమ్మచీకట్లో ఎలుక వచ్చినా, ఆ ఎలుక ఒంటి వేడి ఈ గుంటలకు తగులుతుంది. పాము గురి తప్పదు. మన పొలాల్లో తిరిగే రక్తపింజరికి ఈ గుంటలు లేవు.

1950 ప్రాంతంలో కాలిఫోర్నియా ఎడారిలోని చైనా లేక్ అనే చోట అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం మెక్‌లీన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు వేడిని పట్టే క్షిపణిని తయారు చేశారు. దానికి ఆ పాము పేరే పెట్టారు. 1953 సెప్టెంబరులో అది తొలిసారి గాలిలో లక్ష్యాన్ని కూల్చింది. 1958లో తైవాన్ విమానాలు చైనా విమానాల మీద దానిని వాడాయి. ఆ పోరులో ఒక క్షిపణి పేలకుండా చైనా విమానంలోనే ఇరుక్కుపోయిందనీ, ఆ విమానం అలాగే ఇంటికి చేరిందనీ, క్షిపణి అక్కడి నుంచి రష్యావారి చేతికి వెళ్ళి వారి సొంత క్షిపణికి నమూనా అయిందనీ చెబుతారు.

సైడ్‌వైండర్ విమానం నుంచి విమానాన్ని కొట్టడానికి పుట్టింది. దానినే నేల మీద బండికి ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన 1960 దశకంలో వచ్చింది. అప్పట్లో అమెరికా సైన్యం మాలర్ అనే మరో క్షిపణి కోసం ఎంతో ఖర్చు పెట్టి, అది కుదరక 1965లో వదులుకుంది. చేతిలో ఉన్న సరుకుతోనే పని గడుపుకోవాలని నిర్ణయించింది. గొలుసు చక్రాల బండి మీద నాలుగు సైడ్‌వైండర్లను అమర్చి, మరో ఎనిమిదింటిని బండిలో దాచి, 1969 నుంచి దళాలకు ఇచ్చింది. దాని పేరు చాపరల్.

రష్యావారు ఒక అడుగు ముందే ఉన్నారు. 1968లో వారు స్ట్రెలా-1 అనే ఆయుధాన్ని సైన్యంలో చేర్చుకున్నారు. స్ట్రెలా అంటే బాణం. నాలుగు చక్రాల తేలికపాటి కవచ వాహనం మీద నాలుగు క్షిపణులు. 1976లో దాని తమ్ముడు స్ట్రెలా-10 వచ్చింది. ఇది గొలుసు చక్రాల మీద నడుస్తుంది. బురదలో దిగబడదు, వాగు అడ్డం వస్తే ఈదుతుంది. సుమారు అయిదు కిలోమీటర్ల దూరం వరకు, మూడున్నర కిలోమీటర్ల ఎత్తు వరకు విమానాన్ని అందుకోగలదు. మన సైన్యం కూడా దీనిని రష్యా నుంచి తెచ్చుకుంది.

బండి ఎందుకు?

భుజం మీద మోసే క్షిపణి ఉండగా బండి దేనికి అన్న సందేహం రావచ్చు. యుద్ధంలో ట్యాంకులు ఒకచోట నిలబడవు. గంటకు ముప్పయి, నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. వాటి వెంట మనిషి క్షిపణిని మోసుకుని పరిగెత్తలేడు. పెద్ద రాడార్లున్న భారీ క్షిపణి దళాలు ఒకచోట దిగి సర్దుకోవడానికే సమయం పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని ఈ బండ్లు పూడుస్తాయి. ట్యాంకులు పోయిన చోటికి పోతాయి, ఆగిన చోట ఆగుతాయి, తల ఎత్తి ఆకాశాన్ని కాస్తాయి. పంట మీద పక్షులు వాలకుండా మంచె మీద కూర్చుని వడిసెల తిప్పే కాపలాదారు వంటివి. మంచె కూడా నడుస్తుందన్నదే తేడా.

వీటి మరో బలం మౌనం. రాడార్ చీకట్లో పట్టుకున్న టార్చిలైటు వంటిది. దానితో మనం ఎదుటివాడిని చూస్తాం. ఆ వెలుతురును బట్టి ఎదుటివాడూ మనలను చూస్తాడు. రాడార్ తరంగం తగిలితే విమానంలోని పరికరం పైలటును హెచ్చరిస్తుంది. వేడిని పట్టే క్షిపణి ఏ తరంగమూ పంపదు. విమానం నుంచి వచ్చే వేడిని అందుకుంటూ చీకట్లో కూర్చున్నవాడిలా ఉంటుంది. అందువల్ల పైలటుకు ముందుగా తెలియదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఫిబ్రవరి 15న అమెరికాకు చెందిన ఏ-10 విమానాలు రెండు ఇరాక్ దళాల చేతిలోని స్ట్రెలా-10 క్షిపణులకు కూలిపోయాయి. ట్యాంకులను వేటాడటానికే తయారైన గట్టి విమానాలవి.

ముక్కులోని కన్ను

క్షిపణి వేడిని ఎలా చూస్తుంది? కళ్ళకు గంతలు కట్టుకున్న మనిషి కుంపటి ఎటు ఉందో ఎలా చెబుతాడు? ముఖం అటూ ఇటూ తిప్పుతాడు. రెండు బుగ్గలకూ సమానంగా సెగ తగిలినప్పుడు కుంపటి ఎదురుగా ఉన్నట్టు. క్షిపణి చేసేదీ దాదాపు ఇదే.

దాని ముక్కున గాజు వంటి గుండ్రని మూత, లోపల ఒక అద్దం ఉంటాయి. ఆ అద్దం వేడి కిరణాలను పోగుచేసి చిన్న బిళ్ళ మీద పడేలా చేస్తుంది. వేడి కిరణం తగిలితే ఆ బిళ్ళలో విద్యుత్తు మారుతుంది. తొలినాళ్ళలో ఆ బిళ్ళను సీసం, గంధకం కలిసిన పదార్థంతో చేసేవారు. బిళ్ళకు ముందు గీతలు గీసిన చక్రం ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. తిరిగే బండి చక్రం ఆకుల మధ్య నుంచి దీపాన్ని చూస్తే అది మినుకు మినుకుమంటుంది కదా! అలాగే వేడి కూడా ఈ చక్రం వెనుక మినుకుమంటుంది. ఆ మినుకు తీరును బట్టి వేడి ఏ పక్కన ఉందో క్షిపణి లెక్క కట్టి తన రెక్కలను తిప్పుకుంటుంది.

విమానం వెంట పడటంలోనూ ఒక ఒడుపు ఉంది. కట్టు తెంచుకున్న దూడ పరుగు తీస్తే తెలిసినవాడు దాని తోక వెంట పరిగెత్తడు. అది ఎటు పోతుందో చూసి అడ్డం పోతాడు. మన జాలర్లకు మరో లెక్క తెలుసు. సముద్రంలో ఎదుటి పడవ ఎప్పుడు చూసినా అదే దిక్కున కనిపిస్తూ అంతకంతకూ పెద్దదవుతుంటే రెండూ ఢీకొంటాయని అర్థం. పడవవాడు ఆ ప్రమాదం తప్పించడానికి చుక్కాని తిప్పుతాడు. క్షిపణి ఆ ప్రమాదం జరగడానికే తిప్పుతుంది. విమానం ఎప్పుడూ ఒకే దిక్కున కనిపించేలా తన దారిని సవరించుకుంటూ పోతుంది.

తొలినాటి క్షిపణులకు లోపాలు చాలా ఉండేవి. విమానం వెనుక నుంచి, అంటే మంట వచ్చే వైపు నుంచి మాత్రమే అవి పట్టగలిగేవి. ఎదురుగా వచ్చే విమానం వాటికి కనిపించేది కాదు. బాంబు వేసి వెళ్ళిపోయేవాడిని కొట్టడమే తప్ప, వేయక ముందు ఆపడం కష్టమయ్యేది. సూర్యుడు దగ్గరలో ఉంటే విమానాన్ని విడిచి సూర్యుని వైపు పోయేవి. తరువాత వచ్చిన వాటిలో ఆ బిళ్ళను వాయువుతో గడ్డకట్టేంతగా చల్లబరిచారు. తాను చల్లగా ఉంటే ఎదుటి చిన్న వేడి కూడా తెలుస్తుంది. గాలి రాపిడికి వేడెక్కిన విమానం ముక్కు కూడా ఈ కంటికి కనిపించసాగింది. స్ట్రెలా-10లో వేడిని పట్టే కన్నుతోపాటు, వెలుతురు ఆకాశం మీద నల్లగా కనిపించే ఆకారాన్ని పట్టే మరో కన్ను కూడా పెట్టారు.

విమానాలవారూ ఊరుకోలేదు. దొంగ కుక్కకు మాంసం ముక్క విసిరినట్టు, విమానం నుంచి మండే మెగ్నీషియం గుళికలను వదలడం మొదలుపెట్టారు. క్షిపణి ఆ మంటల వెంట పోయేది. దానికి విరుగుడుగా వేడిని ఒక చుక్కలా కాక బొమ్మలా చూసే కొత్త కన్ను వచ్చింది. రెక్కలు, తోక ఉన్న ఆకారం ఏదో, ఊరకే మండే గుళిక ఏదో అది పోల్చుకోగలదు. ఇజ్రాయెల్ తయారీ పైథాన్-5 క్షిపణి ఈ రకానిదే. మన వాయుసేన కొనుగోలు చేసిన స్పైడర్ అనే ట్రక్కు మీది క్షిపణి వ్యవస్థలో ఈ పైథాన్-5 తోపాటు, రాడార్ సాయంతో పోయే డెర్బీ క్షిపణి కూడా ఉంటుంది.

ఇరవై సెకండ్ల వ్యవధి

ఇంతవరకు చెప్పుకున్నది యంత్రం గొప్పతనం. ఇక మనిషి సంగతి.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు పావు కిలోమీటరు దాటుతుంది. అయిదు కిలోమీటర్లు దాటడానికి దానికి ఇరవై సెకండ్లు చాలు. ఈ ఇరవై సెకండ్లలోనే బండి మీది సైనికుడు దానిని చూడాలి, గురిపెట్టాలి, క్షిపణి కంటికి వేడి తగిలిందని తెలుసుకోవాలి. వేడి తగిలితే చాపరల్ వంటి వాటిలో సైనికుని చెవిలో ఒక మోత వినిపిస్తుంది. ఆ తరువాత మీట నొక్కాలా వద్దా తేల్చుకోవాలి. నొక్కాక క్షిపణి తన దారిన తాను పోతుంది. వెనక్కి పిలవడం కుదరదు.

చెవిలో మోత వినిపించిందంటే వేడి దొరికిందని మాత్రమే అర్థం. ఆ వేడి శత్రువుదని కాదు. మన ఇంజను వేడీ, వారి ఇంజను వేడీ ఒకటే. బొమ్మను చూసే కొత్త కన్నుకైనా తన, పర తెలియదు. ఎందుకంటే ఒకే రకం యంత్రాలు రెండు పక్షాల దగ్గరా ఉంటాయి. రష్యా తయారీ ఎంఐ-17 హెలికాప్టర్లు మన దేశం దగ్గరా ఉన్నాయి, పాకిస్తాన్ దగ్గరా ఉన్నాయి.

ఈ చిక్కు తీరడానికి విమానాల్లో ప్రశ్నకు జవాబిచ్చే రేడియో పరికరం పెడతారు. నేల మీది నుంచి "నీవెవరు" అని రహస్య సంకేతంలో అడిగితే, మనవాడైతే సరైన జవాబు వస్తుంది. చీకట్లో వచ్చేవాడిని కాపలావాడు "ఎవరది" అని కేకేసినట్టు. జవాబు రాకపోతే శత్రువని వెంటనే తేల్చడానికి వీల్లేదు. పరికరం చెడి ఉండవచ్చు, కట్టేసి ఉండవచ్చు. అందుకే ఏ విమానం ఏ వేళకు, ఏ దారిన పోతుందో అందరికీ ముందే తెలిసి ఉండాలని నియమం.

బుద్గాంలో కూలిన మన హెలికాప్టర్

ఆ నియమం తప్పితే ఏమవుతుందో 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరులో తెలిసింది. ముందురోజు మన విమానాలు బాలాకోట్‌పై దాడి చేసి వచ్చాయి. ఆ ఉదయం పాకిస్తాన్ విమానాలు సరిహద్దు వైపు వచ్చాయి. గగనతలంలో పోరు సాగుతోంది. అదే సమయంలో శ్రీనగర్ నుంచి బయలుదేరిన మన వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ కొద్ది నిమిషాలకే బుద్గాం జిల్లాలోని ఒక గ్రామం దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన సిబ్బందీ మరణించారు. కింద నేల మీద ఉన్న స్థానికుడు ఒకరు కూడా ప్రాణాలు కోల్పోయారు.

దానిని కూల్చింది శత్రువు కాదు. శ్రీనగర్ స్థావరాన్ని కాపాడుతున్న మన స్పైడర్ క్షిపణే. విచారణ జరిగింది. 2019 అక్టోబరులో నాటి వాయుసేనాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా, మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కొట్టిందనీ, అది పెద్ద పొరపాటనీ బహిరంగంగా ఒప్పుకున్నారు. బాధ్యులపై చర్యలు కూడా తీసుకున్నారు. హెలికాప్టర్‌లోని జవాబు పరికరం ఆ సమయంలో కట్టేసి ఉందనీ, నేల మీది వారికీ హెలికాప్టర్‌కూ మధ్య కబురు సరిగా అందలేదనీ విచారణ గురించి పత్రికల్లో వార్తలు వచ్చాయి.

ఆ రోజు యంత్రంలో లోపం లేదు. అది తన పని తాను చేసింది. లోపం మనుషుల మధ్య నడవవలసిన మాటలో ఉంది. యుద్ధం ముసురుకున్న వేళ, ఆకాశంలో ఏదో వస్తోందన్న ఆదుర్దాలో, నిమిషాల్లో తీసుకున్న నిర్ణయం ఏడు కుటుంబాల దీపాలు ఆర్పింది.

ఇలాంటి పొరపాటు ఒక్క మన దేశంలోనే జరగలేదు. 2003లో ఇరాక్ యుద్ధంలో అమెరికావారి పేట్రియట్ క్షిపణి మిత్రదేశమైన బ్రిటన్ విమానాన్ని కూల్చగా ఇద్దరు వైమానికులు మరణించారు. అది రాడార్‌తో పోయే పెద్ద క్షిపణి. క్షిపణి ఏ రకానిదైనా తన, పర తేల్చవలసిన భారం మనిషి మీదనే ఉంటుందని ఈ ఘటనలు రుజువు చేస్తున్నాయి.

హైదరాబాదులో కొత్త కన్ను

వేడిని పట్టే ఇటువంటి క్షిపణుల కోసం మన దేశం చాలాకాలం రష్యా మీదే ఆధారపడింది. ఇప్పుడు హైదరాబాదులోని పరిశోధన కేంద్రం ఇమారత్ శాస్త్రజ్ఞులు అతి తక్కువ దూరపు కొత్త క్షిపణిని రూపొందించారు. 2022 సెప్టెంబరులో ఒడిశాలోని చాందీపూర్ తీరంలోనూ, 2024 అక్టోబరులో రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లోనూ, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ చాందీపూర్‌లోనూ దానిని పరీక్షించారు. ఇది మనుషులు మోసుకుపోగలిగినది. దీని కన్ను కూడా వేడిని బొమ్మలా చూసే రకానిది.

ఈ కొత్త కంటికి ఎదురయ్యే కొత్త చిక్కు డ్రోన్లు. బ్యాటరీతో నడిచే చిన్న డ్రోన్ మోటారుకు జెట్ ఇంజనుకు ఉన్నంత వేడి ఉండదు. దాని ధర తక్కువ, దానిని కొట్టే క్షిపణి ధర ఎక్కువ. అందుకే ఇప్పుడు పలు దేశాలు ఒకే బండి మీద క్షిపణులతోపాటు తుపాకులను కూడా అమరుస్తున్నాయి. అమెరికావారి అవెంజర్ అనే బండి మీద ఎనిమిది స్టింగర్ క్షిపణులతోపాటు ఒక మరతుపాకీ ఉంటుంది. ఇంకా కొత్తగా వచ్చిన వాటి మీద చిన్న ఫిరంగులే ఎక్కిస్తున్నారు.

తీరవాసులకు ఒక మాట

సూర్యలంకలో ప్రయోగాలు జరిగే రోజు జాలరికి ఒక పూట వేట పోతుంది. ఆ పూట సంపాదన పోతుంది. అది చిన్న నష్టమేమీ కాదు. కానీ కబురు అందిన తరువాత సముద్రంలోకి పోవడం ప్రాణాపాయం. పేలిన క్షిపణి శకలాలు, కూలిన లక్ష్యం ముక్కలు నీటిలో ఎక్కడ పడతాయో ఒడ్డున ఉన్నవారు చెప్పలేరు. పడవ ఇంజను కూడా వేడిదే.

కొన్నాళ్ళ తరువాత అలలకు ఏదైనా లోహపు ముక్క ఒడ్డుకు కొట్టుకువస్తే, వలలో చిక్కితే దానిని ముట్టుకోరాదు. పాత ఇనుము ధర వస్తుందని ఇంటికి తీసుకుపోరాదు. పిల్లలను దగ్గరికి పోనివ్వరాదు. పేలకుండా మిగిలిన మందు అందులో ఉండవచ్చు. పోలీసులకు గాని, వాయుసేన కేంద్రానికి గాని తెలియజేయాలి.

ఆ రోజు తీరాన జరిగేది గురి పరీక్ష మాత్రమే కాదు. ఎవరు చూశారు, ఎవరు అడిగారు, ఎవరు జవాబిచ్చారు, ఎవరు ఆజ్ఞ ఇచ్చారు అన్న వరస మనుషులకు అలవాటు కావడానికి కూడా ఇటువంటి విన్యాసాలే ఆధారం. "కొట్టు" అన్న మాట ఎంత త్వరగా అందాలో, "ఆగు" అన్న మాట కూడా అంత త్వరగా అందాలి. మన పిల్లలెందరో సైన్యంలో, వాయుసేనలో పనిచేస్తున్నారు. వారు ఎక్కిన విమానం క్షేమంగా ఇంటి దారి పట్టాలంటే, కింద బండి మీద కూర్చున్నవాడికి ఆ వేడి ఎవరిదో తెలిసి ఉండాలి.